ఇంగాలిల్ తప్పు కేకు

జేబులో పసుపు చీటీల కట్ట లేకుండా ఇంగాలిల్‌ని చూసినవాళ్లు ఊమియో ఊళ్లో ఎవరూ లేరు. తెల్ల కోటు పైజేబులో కళ్లజోడు, కింది జేబులో చీటీలు. కాఫీ గదిలో ఫ్రిజ్ తలుపు తీసినప్పుడు ఏ మూలనో ఎవరో మరిచిపోయిన చేపల డబ్బా కనిపించిందా, దాని పని అయిపోయిందన్నమాటే. "పేరు లేదు. తేదీ లేదు. శుక్రవారం పారేస్తాను." ఈ చీటీ పడ్డాక ఆ డబ్బాకి నూకలు చెల్లినట్టే. అది సాక్షాత్తూ ప్రొఫెసర్ స్టెఫాన్ భోజనమైనా సరే, శుక్రవారం చెత్తబుట్టలోకి పోవాల్సిందే. ఒకసారి పోయింది కూడా. ఆయన రెండు రోజులు మూతి ముడుచుకుని తిరిగాడు, ఆ తర్వాత బుద్ధిగా డబ్బాల మీద పేరు రాయడం నేర్చుకున్నాడు.

అది పండు ఈగల ల్యాబు. అరటిపండు కాస్త మగ్గితే చాలు, వంటింట్లో ఎక్కణ్ణుంచో వచ్చి ముసురుకుంటాయే, ఆ చిన్న ఈగలు. వాటి వంశాలు గది నిండా సీసాల్లో ఉండేవి. వాటికి మొక్కజొన్న జావ కాచిపొయ్యడం, పాత సీసాల్లోంచి కొత్త సీసాల్లోకి మార్చడం, పొద్దున్నే వచ్చి కన్నె ఈగల్ని ఏరడం, ఇదీ ఇంగాలిల్ ఉద్యోగం.

నవ్వకండి. కన్నె ఈగల్ని ఏరడమంటే ఆషామాషీ కాదు. ఆడ ఈగ ఒక్కసారి మగవాడితో కలిసిందంటే అతగాడిచ్చిన సరంజామా అంతా కడుపులో భద్రంగా దాచుకుంటుంది. ఇక రోజుల తరబడి ఆ పాత సరుకుతోనే గుడ్లు పెడుతుంది. ఆ తర్వాత మీరు ఏ మగ ఈగని తెచ్చి పక్కన కూర్చోబెట్టినా, పుట్టే పిల్లలకి తండ్రెవరో ఆ తల్లికే తెలియాలి. అందుకని గూట్లోంచి బయటపడ్డ కొద్ది గంటల్లోపే, కుర్రాళ్లకి వయసు రాకముందే, ఆడవాళ్లని వేరు చెయ్యాలి. ఇంగాలిల్ తెల్లారకముందే వచ్చి, సీసాలోకి మత్తుగాలి వదిలి, ఈగలు పడుకోగానే సూక్ష్మదర్శిని కింద పోసి, సన్నటి కుంచెతో ఇటూ అటూ తోసేది.

"నువ్విటు రా తల్లీ. నువ్వు ఆగు నాయనా, నీకింకా మీసాలే రాలేదు, తొందరేమిటి?" అని వాటితో మాట్లాడుతూ పని చేసేది.

మిగతావాళ్లు ఏరితే ఆ కన్నె ఈగల్ని నాలుగైదు రోజులు విడిగా ఉంచి, సీసాలో పురుగులు పుట్టలేదని చూసుకున్నాకే వాడుకునేవారు. ఇంగాలిల్ ఏరినవాటిని మాత్రం ఎవరూ పరీక్షించేవారు కాదు. ఆవిడ ఏరింది కదా, ఇంక చూసేదేముంది అనేవారు. ఆ మాట చెవిన పడితే ఆవిడ ముఖం పైకి గంటు పెట్టుకున్నట్టే ఉండేది గానీ, లోపల వెన్న కరిగేది.

ఆ ల్యాబులో ఇంకో ఆచారం ఉండేది. ఎవరైనా పొరపాటు చేస్తే శుక్రవారం మూడింటికి కాఫీ వేళ సొంత చేతులతో కేకు చేసుకొచ్చి పెట్టాలి. కొన్నది చెల్లదు. కత్తి దింపేముందు తాను చేసిన తప్పేమిటో నిలబడి చెప్పాలి, ఆ తర్వాతే తినడం. దాన్ని తప్పు కేకు అనేవారు. స్టెఫాన్ కూడా చేశాడు, ఒకటికి పదిసార్లు. ఇంగాలిల్ ముప్పై ఏళ్లుగా అందరి తప్పులూ తింటూ వచ్చింది, తను మాత్రం ఒక్క కేకూ చెయ్యలేదు. "యాలకులు తక్కువయ్యాయి. వచ్చే తప్పుకి కాస్త ఎక్కువ వెయ్యి" అని వంకలు పెట్టి మరీ రెండో ముక్క తీసుకునేది. నిజం చెప్పాలంటే ఆవిడకి కేకు చెయ్యడమే రాదు. ఈ సంగతి ల్యాబులో ఎవరికీ తెలియదు.

టూవా అనే పిల్ల ఆ ల్యాబులో డాక్టరేట్ చేస్తూ ఉండేది. ఒకరోజు ఇంగాలిల్ పక్కన బల్ల లాక్కుని కూర్చుంది.

"నా జన్యువు ఏం చేస్తుందో తేలిపోయింది," అంది. "కణంలో పాతబడ్డ ప్రోటీన్లకి చీటీ అంటిస్తుంది. చీటీ పేరు యుబిక్విటిన్. అంటించే చేతిని లైగేజ్ అంటారు. చీటీ పడిందా, కణంలో ఒక రుబ్బురోలు ఉంటుంది, అది ఆ ప్రోటీన్ని లోపలికి లాక్కుని పిండి చేసేస్తుంది."

"శుక్రవారం దాకా ఆగదా?"

"ఆగదు. నీకన్నా ఘోరం."

"ఆ చెయ్యి లేకపోతే ఏమవుతుంది?"

"మగ ఈగల్లో వీర్యకణాలు తయారయ్యేటప్పుడు ఒకదానికొకటి అంటుకుని కట్టలా ఉంటాయి. చివర్లో చెత్తంతా వదిలించుకుని విడివిడిగా బయటపడాలి. చీటీ అంటించేవాళ్లు లేరనుకో, చెత్త చెత్తలాగే ఉండిపోతుంది, ఒక్కటీ విడిపోదు. చూడ్డానికి మగాడు నిక్షేపంలా ఉంటాడు, ఎగురుతాడు, సరసాలాడతాడు. పిల్లలు మాత్రం పుట్టరు."

ఇంగాలిల్ కుంచె పక్కన పెట్టింది. "అంటే నాలాంటిది ఒకతి ఇంట్లో లేకపోతే మగాళ్లకి పిల్లలు పుట్టరన్నమాట."

"నా థీసిస్‌లో సరిగ్గా ఇదే రాశాను, కాస్త మర్యాదగా. అన్నట్టు దానికి పేరు పెట్టాలిగా. నీ పేరే పెట్టేశాను. ఇంగాలిల్ జన్యువు."

"నీకేమైనా పిచ్చా పిల్లా? ఇంకేం పేర్లు దొరకలేదా?" అని ఇంగాలిల్ కసిరింది. ఈగలవాళ్లకి జన్యువులకి ఇలా వేళాకోళం పేర్లు పెట్టడం అలవాటే, ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా ఆ సాయంత్రం కిరాణా దుకాణంలో బిల్లు కొట్టే అమ్మాయికి, బస్సులో పక్కన కూర్చున్న ముసలాయనకి, అడగకపోయినా చెప్పింది. ఉబ్బితబ్బిబ్బయిపోయింది, దాపరికమెందుకు?

ఆ దేశంలో థీసిస్ రాస్తే సరిపోదు, కొట్టాలి కూడా. అచ్చయి వచ్చిన పుస్తకానికి కన్నం పెట్టి, అందరూ చూస్తుండగా సుత్తితో మేకు దిగ్గొట్టి, నడవలో ఉన్న చెక్కకి తగిలించాలి. ఆ మేకు పడ్డాకే పరీక్ష. టూవా మేకుకి ముహూర్తం కుదిరింది. గురువారం పుస్తకం అచ్చుకి పోవాలి. టూవాకి ఏడో నెల. ఈ విడత తప్పితే కాన్పు, ఆ తర్వాత సెలవు, మళ్లీ ల్యాబు మొహం చూసేసరికి ఏడాదిన్నర. అందుకని ఊపిరి బిగబట్టి పరుగులు పెడుతోంది.

మంగళవారం పొద్దున టూవా ఒక సీసా పట్టుకుని ఈగల గదిలోకి వచ్చింది. దాన్ని ఇంగాలిల్ ముందు పెట్టింది. జావంతా గుల్లగుల్లగా తవ్వేసి ఉంది. అందులో తెల్లటి పురుగులు, బియ్యపు గింజల్లా, హాయిగా ఈదుతున్నాయి.

"ఇందులో ఉన్న మగాళ్లకి నీ జన్యువు లేదు," అంది టూవా. "పిల్లలు పుట్టకూడదు."

"పుట్టారే."

"అదే కదా నా ఏడుపు."

ఆమె వెనకే వచ్చిన స్టెఫాన్ కళ్లజోడు నెత్తిమీదికి తోసి సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. "మిగతా సీసాలు?"

"అన్నీ ఖాళీ. ఇదొక్కటే."

"ఒక్కటి చాలదూ కొంప ముంచడానికి. మన మగాళ్లవి వంకర రెక్కలు కాబట్టి, ఈ పురుగులు ఈగలై బయటికొస్తే రెక్కలు చూసి చెప్పొచ్చు. వంకర రెక్కల పిల్లలుంటే తండ్రి మనవాడే, అన్నీ తిన్నని రెక్కలే అయితే ఎవడో బయటివాడు. కానీ దానికి ఇంకో వారం పైనే పడుతుంది."

"గురువారం అచ్చుకి పంపాలి స్టెఫాన్."

"తెలుసు. ఎందుకిలా అయిందో కారణం తెలిస్తే ఈ సీసా తీసి పక్కన పెట్టొచ్చు. నచ్చలేదని తీసెయ్యలేం కదా. కారణం దొరక్కపోతే ఈ సీసాల లెక్కలున్న అధ్యాయం తీసెయ్యాలి. ఆ అధ్యాయం లేకపోతే థీసిస్సే లేదు." ఆయన ఒక్కొక్కటీ అడుగుతూ పోయాడు. జావ ఎవరు కాచారు, మగ ఈగలు ఏ సీసాలోంచి తీశారు, మూత దూది వదులైందా. "కన్నె ఈగల్ని ఎవరు ఏరారు?"

"ఇంగాలిల్," అంది టూవా.

"అయితే అది కాదు," అని ఆయన తరవాతి ప్రశ్నలోకి వెళ్లిపోయాడు.

ఇంగాలిల్‌కి కిందటి బుధవారం గుర్తొచ్చింది.

బుధవారం పొద్దున్నే పనికి బయల్దేరుతూ, తమ భవనం కింద ఉన్న బట్టలుతికే గదిలోకి తొంగిచూసింది. అది తన వంతు. తీరా చూస్తే మిషన్లో వేరేవాళ్ల దుప్పట్లు గిరగిరా తిరుగుతున్నాయి. మూడో అంతస్తు ఎడ్వాల్‌వి అయ్యుంటాయి, ఆ చారలు ఆయనవే. ఇంగాలిల్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. చీటీ రాసింది. ఆ ఊళ్లో ప్రొఫెసర్ని కూడా నువ్వనే పిలుస్తారు. కోపం వస్తేనే మీరు. "మీరు నా వంతులో ఉతుకుతున్నారు. మీకు గడియారం చూడటం రాకపోతే నేర్పిస్తాను." నచ్చలేదు. చించి ఇంకోటి రాసింది. అదీ నచ్చలేదు. మూడోది నచ్చింది, అంటించింది, నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి కింద ఆ గడియారం ముక్క మళ్లీ చేర్చింది. ఈలోగా బస్సు పోయింది. ల్యాబుకి చేరేసరికి బాగా తెల్లారిపోయింది, సీసాల్లో కుర్రాళ్లు లేచి తిరుగుతున్నారు. పర్లేదులే అనుకుంది. ఆడవాళ్ల పొట్ట మీద పుట్టుమచ్చలాంటి నల్లచుక్క ఇంకా కనిపిస్తోందిలే, అప్పుడే పుట్టారులే అనుకుంది. కొందరికి కనిపించింది, కొందరికి కనిపించినట్టనిపించింది.

టూవా, స్టెఫాన్ బయటికి వెళ్లేదాకా ఆగి, అలమర వెనక నుంచి ఒక సీసా తీసింది. ఆ బుధవారం ఏరినవాళ్లలో టూవాకి ఇవ్వగా మిగిలిన ఆడ ఈగలు. ఆడవాళ్లు తప్ప మగపురుగు మొహం ఎరగని సీసా. వెలుతురుకి ఎత్తి చూసింది.

జావంతా గుల్ల. పురుగులే పురుగులు.

కూర్చుంది. ఆ సీసా ఒక్కటే సాక్ష్యం. పక్కనే సారాయి జాడీ ఉంది, అక్కర్లేని ఈగల్ని అందులోనే పారబోస్తారు. మూత తీసి ఒంపేస్తే సరి, ఎవరూ అడగరు. ఎలా అడుగుతారు, ఆవిడ సీసాల్ని ఎవరూ చూడరు కదా. ముప్పై ఏళ్ల పేరు పేరులాగే ఉంటుంది. టూవా మాత్రం మంచిపిల్ల, ఏడ్చి ఊరుకుంటుంది.

చెయ్యి జాడీ మూత మీదికి వెళ్లింది. అక్కడే కాసేపు ఉంది. చివరికి సీసా కోటు జేబులో వేసుకుని, ఒంట్లో బాగోలేదని చెప్పి ఇంటికొచ్చేసింది. తేలు కుట్టిన దొంగలా ఉందని ఎవరైనా అనుకున్నారేమో గానీ, పైకి అనలేదు.

భవనం మెట్ల దగ్గర ఎడ్వాల్ ఎదురయ్యాడు. చేతిలో పసుపు చీటీ.

"ఇంగాలిల్, ఇది నీ రచనేగా?"

"సంతకం ఉందా?"

"లేదు. గడియారం నేర్పిస్తానన్నావుగా, అక్కడ పట్టుకున్నా. ఇలా రా ఒకసారి." బట్టలుతికే గది గోడ మీద వంతుల పలక ఉంది. ఒక్కో ఇంటికీ ఒక్కో చిన్న తాళం, ఎవరికి ఏ రోజు కావాలో ఆ గడిలో పెట్టుకోవాలి. ఎడ్వాల్ వేలు పెట్టి చూపించాడు. "నీ తాళం ఎక్కడుంది?"

ఇంగాలిల్ కళ్లజోడు పెట్టుకుని చూసింది. తాళం గురువారం గడిలో ఉంది. తనే పెట్టింది, తన చేత్తోనే.

"నేను రెండేళ్లుగా బుధవారమే ఉతుకుతున్నా," అన్నాడు ఎడ్వాల్. "మా ఆవిడ ఉన్నప్పుడూ బుధవారమే. గడియారం చూడ్డం నాకొచ్చు."

ఇంగాలిల్‌కి సిగ్గేసింది. ఎవరి మీదో అంటించాల్సిన చీటీ ఇంకెవరి మీదో అంటించడం ఒక ఎత్తు, ఆ అంటించే తొందరలో అవతల ఒక పిల్ల నాలుగేళ్ల కష్టం గంగలో కలపడం ఇంకో ఎత్తు. బయటికొచ్చి చలికి గడ్డకట్టిపోయిన మెట్ల మీద కూర్చుండిపోయింది.

"అంత బాధపడకు, దుప్పట్లు ఏమీ అనుకోలేదులే," అన్నాడు ఎడ్వాల్ కంగారుగా.

"ఎడ్వాల్, నీకు కేకు చెయ్యడం వచ్చా?"

ఆయన ఎగాదిగా చూశాడు. "ఏ కేకు?"

"ఎప్పుడూ చెయ్యనివాళ్లు కూడా చెయ్యగలిగేది."

"అయితే జిగురు చాక్లెట్ కేకు. అది పాడవ్వదు. పుట్టుకతోనే పాడైన కేకు అది. మధ్యలో కూలిపోవాలి, అదే దాని అందం."

ఆయన వంటింట్లో ఆయన చెబుతుంటే ఆవిడ కలిపింది. గుడ్లు కొట్టేటప్పుడు పెంకులు పడ్డాయి, ఏరింది. ఏరడంలో మాత్రం ఆవిడ చెయ్యి తిరిగినదే. కేకు మధ్యలో కూలింది, అంచులు మాడాయి. "అందం కాస్త ఎక్కువైంది," అన్నాడు ఎడ్వాల్.

బుధవారం పొద్దున కాఫీ వేళ. ఇంగాలిల్ కేకు పళ్లెంతో గదిలోకి వచ్చింది. స్టెఫాన్ కప్పు నోటి దాకా వెళ్లి ఆగిపోయింది.

"ఇవాళ శుక్రవారం కాదు," అన్నాడు స్టెఫాన్ చివరికి.

"గురువారం దాటితే పనికిరాదు. అందుకని ఇవాళే తెచ్చా." పళ్లెం బల్ల మీద పెట్టింది. జేబులోంచి సీసా తీసి కేకు పక్కన పెట్టింది. "తప్పు చెప్పాలిగా. కిందటి బుధవారం నేను ఆలస్యంగా వచ్చాను. బట్టలుతికే గదిలో ఒకాయన మీద చీటీ రాస్తూ కూర్చున్నాను. ఆయన తప్పేమీ లేదు, తాళం నేనే తప్పు గడిలో పెట్టుకున్నాను. నేనొచ్చేసరికి మగ ఈగలు లేచిపోయాయి. అయినా ఏరాను, కన్నె ఈగలని చెప్పి టూవాకి ఇచ్చాను. ఈ సీసా చూడండి. ఇందులో మగవాడే లేడు. పిల్లలున్నారు. అంటే నేనిచ్చినవాళ్లు ముందే కడుపుతో వచ్చారు. టూవా, నీ మగాళ్ల తప్పేమీ లేదు. నిన్ననే చెప్పాల్సింది, చెప్పలేదు. సారాయి జాడీ దాకా వెళ్లాను."

స్టెఫాన్ సీసా తీసుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు.

"కారణం దొరికింది," అన్నాడు. "టూవా, ఆ బుధవారం ఏరినవాళ్లందరినీ లెక్కలోంచి తీసెయ్. ఎందుకు తీసేశావో కూడా రాయి. ఇకనుంచి అందరి సీసాలూ నాలుగు రోజులు చూశాకే వాడాలి. అందరివీ." ఇంగాలిల్ వైపు చూడకుండానే అన్నాడు.

"ఇంకో మాట," అంది ఇంగాలిల్. "ఆ జన్యువుకి నా పేరు తీసెయ్ పిల్లా. అది చీటీ సరైనదానికి అంటిస్తుంది. నేను కాదు."

టూవా పొట్ట పట్టుకుని కుర్చీలోంచి లేచింది. ఏడుస్తోందో నవ్వుతోందో వెంటనే తెలియలేదు. రెండూ చేస్తోంది. "నా నాలుగో అధ్యాయం నువ్వు చదవలేదు కదూ?"

"నాకెక్కడ తీరింది?"

"ఆ జన్యువు కూడా అప్పుడప్పుడూ తప్పు ప్రోటీన్‌కి చీటీ అంటిస్తుంది. అప్పుడు ఇంకోటొచ్చి ఆ చీటీ ఊడబీకుతుంది. కణం అలాగే నడుస్తుంది. నీ పేరే ఉంటుంది, వాదించకు." కత్తి తీసుకుని పెద్ద ముక్క కోసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఆగింది. "ఇంగాలిల్, ఇది నిజంగా నువ్వే చేశావా?"

"ఎందుకు?"

"ఇన్నాళ్లూ నువ్వెందుకు తప్పు చెయ్యలేదో ఇప్పుడర్థమైంది."

గదంతా గొల్లుమని నవ్వింది. అయినా పళ్లెం ఖాళీ అయింది, మాడిన అంచులతో సహా. స్టెఫాన్ రెండో ముక్క తీసుకుంటూ, వచ్చే తప్పుకి పొయ్యి కాస్త తగ్గించమన్నాడు.

పుస్తకం గురువారం అచ్చుకి పోయింది. వారం దాటాక ఆ రెండు సీసాల్లోంచీ ఈగలు బయటికొచ్చాయి. ఇంగాలిల్ ఒక్కొక్కదాన్నీ కుంచెతో తిప్పి చూసింది. అన్నిటి రెక్కలూ తిన్నగానే ఉన్నాయి, ఒక్కటీ వంకర లేదు.

మేకు కొట్టే రోజు నడవ నిండా జనం. ఎడ్వాల్ కూడా వచ్చాడు, తన కేకు సంగతేమైందో కనుక్కోవాలట. టూవా పొట్ట అడ్డమొచ్చి చెక్క దాకా వంగలేకపోయింది. సుత్తి ఇంగాలిల్ చేతికిచ్చింది.

"నేనా?"

"నా పుస్తకంలో పేరున్నవాళ్లలో ఇక్కడున్నది నువ్వొక్కదానివే. మిగతావన్నీ ఈగలు."

ఇంగాలిల్ కొట్టింది. మొదటి దెబ్బకి మేకు వంగింది, నవ్వులు. ఇంకో మేకు తెచ్చారు, ఈసారి తిన్నగా దిగింది. చప్పట్లయ్యాక జనమంతా కేకుల వైపు కదిలారు. ఇంగాలిల్ మాత్రం అక్కడే నిలబడి, జేబులోంచి పసుపు చీటీల కట్ట తీసింది. ఎప్పట్లా గబగబా రాయలేదు. నెమ్మదిగా రాసింది, రాసింది సరిగ్గా ఉందో లేదో కళ్లజోడు పెట్టుకుని ఇంకోసారి చదువుకుంది, అప్పుడు తీసుకెళ్లి మేకు కిందుగా పుస్తకం అట్ట మీద అంటించింది.

"పేరుంది. తేదీ ఉంది. దీన్నెవరూ పారెయ్యొద్దు."

కింద మొదటిసారి సంతకం కూడా పెట్టింది.